ఒక్క ట్యూనింగ్ కీ పాడైతే నాలుగూ మార్చాలా?

నల్లగొండ_బేస్:
మా చర్చి బ్యాండ్‌లో వాడే నాలుగు తీగల బేస్ గిటార్‌కు లావు తీగను బిగించే కీ పాడైంది. ఒక పాట అయ్యేలోపే శ్రుతి దిగిపోతోంది. కీ తిప్పితే కొంతదూరం ఖాళీగా తిరిగి, ఆ తర్వాతే పట్టుకుంటోంది. షాపులో విడిగా ఒక్కటి ఇవ్వం, సెట్ తీసుకోమంటున్నారు. మూడు మంచిగా పనిచేస్తుంటే వాటిని పక్కన పడేయడం నాకు ఇష్టం లేదు. క్రిస్మస్ ప్రాక్టీస్ మొదలైంది, టెన్షన్‌గా ఉంది.

పాలమూరు_స్ట్రింగ్స్:
నాలుగూ మార్చు తమ్మీ. అన్నీ ఒకేసారి బిగించినవే కదా, ఇవాళ ఒకటి అరిగితే రేపు ఇంకోటి. గోటో, హిప్‌షాట్ లాంటి కంపెనీల కీలలో 20:1 రకం తీసుకో. కీ 20 చుట్లు తిప్పితే తీగ చుట్టుకునే పోస్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది, శ్రుతి సన్నగా సరిచేసుకోవచ్చు. తేలిక రకం వేస్తే హెడ్‌స్టాక్ (కీలుండే పైభాగం) కిందికి వాలడం కూడా తగ్గుతుంది. హెడ్‌స్టాక్‌లో కీ కూర్చునే రంధ్రం సరిపోకపోతే కొంచెం పెద్దది చేయిస్తే అయిపోతుంది.

మిర్యాలగూడ_లేత్:
రంధ్రం పెద్దది చేయడం దగ్గరే నాకు అభ్యంతరం అన్నా. డ్రిల్ పెడితే బిట్ చెక్కను పట్టేసుకుని పాలిష్ పెచ్చులు లేస్తుంది. చేయక తప్పకపోతే చేత్తో తిప్పే రీమర్‌తో (రంధ్రాన్ని గీకి పెంచే పనిముట్టు) నిదానంగా చేయాలి. ఒక్క కీ కోసం మాత్రం అస్సలు వద్దు.

తమ్మీ, ముందు లోపం కీదేనా చూడు. తిప్పేటప్పుడు టిక్‌మని శ్రుతి ఒక్కసారిగా దూకితే అది నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడి పట్టేయడం, అందులో పెన్సిల్ పొడి రుద్దు. నువ్వు చెప్పే ఖాళీ తిరుగుడు మాత్రం గేర్‌దే అనిపిస్తోంది. వెనకవైపు గేర్ బయటికి కనిపించే రకమైతే దాని మధ్య స్క్రూ బిగించి చూడు. కీ ప్లేట్ కదులుతుంటే చెక్కలో స్క్రూ పట్టు పోయినట్టు. సన్నటి వెదురు పుల్లకు ఫెవికాల్ రాసి ఆ రంధ్రంలో దింపి, పూర్తిగా ఆరాక స్క్రూ ఎక్కించు. ఒక్కో బేస్ తీగ దాదాపు 20 కిలోల బలంతో లాగుతుంది, వదులు ప్లేట్ ఎట్లా ఆపుతుంది?

పళ్లే అరిగిపోతే కొనాల్సిందే. ఫొటో చూసి మాత్రం కొనకు. వెర్నియర్‌తో కీ కూర్చునే రంధ్రం కొలువు. పాత ఫెండర్ కంపెనీ పద్ధతి బేస్‌లకు దాదాపు 17.5 మిల్లీమీటర్లు ఉంటుంది, చాలా ఆసియా తయారీ వాటికి 14 దగ్గర. పోస్ట్ మందం, ప్లేట్ స్క్రూల మధ్య దూరం కూడా రాసుకో. నాలుగు కీలూ ఒకే వరసలో ఉన్నాయా, రెండు అటు రెండు ఇటు ఉన్నాయా అన్నది షాపుకు చెప్పాలి, లేకపోతే ఎదురు వైపుది వస్తుంది.

రంధ్రం పెద్దదై కొత్త కీ చిన్నదైతే భయం లేదు. మా ఊళ్లో రైస్ మిల్లు పార్టులు చేసే లేత్ వాళ్లకు కొలతలిస్తే ఇత్తడి రింగు తీసిస్తారు. 17.5 రంధ్రంలో 14 కీ కూర్చోవాలంటే రింగు గోడ 1.75 మిల్లీమీటర్లు ఉంటే చాలు.

పాలమూరు_స్ట్రింగ్స్:
రింగు సంగతి బాగుంది. కానీ ఒకటి కొత్త నిష్పత్తి, మూడు పాత నిష్పత్తి అయితే స్టేజీ మీద చేతికి లెక్క తప్పుతుంది. నా మాట సెట్టే.

నల్లగొండ_బేస్:
నేను క్లిప్ ట్యూనర్ ముల్లు చూసే తిప్పుతాను అన్నా, ఆ తేడాతో నాకు ఇబ్బంది లేదు. మధ్య స్క్రూ బిగించి చూశా, పళ్లే అరిగాయి. రంధ్రం 14 వచ్చింది. పాత గిటార్లు విప్పి అమ్మేవాళ్లు హైదరాబాద్‌లో ఎవరైనా తెలిస్తే చెప్పండి, ఇదే కొలత కీ ఒక్కటి చాలు.