ఇంజిను తిరుగుతోంది, కరెంటు రావడం లేదు: ఏవీఆర్ మార్చాలా, బ్యాటరీ తగిలించాలా?

చెరువుగట్టు:
భీమవరం దగ్గర రొయ్యల చెరువులు మావి. పాత 40 కేవీఏ డీజిల్ జనరేటర్, బ్రష్‌లు లేని ఆల్టర్నేటర్ (ఇంజిను తిప్పితే కరెంటు పుట్టించే భాగం). పంట తీశాక కొన్ని నెలలు దాని జోలికి వెళ్లలేదు. ఇప్పుడు ఇంజిను సెల్ఫ్ కొట్టగానే అందుకుంది, వోల్టు మీటరు ముల్లు మాత్రం కదలడం లేదు. మల్టీమీటరు పెడితే ఫేజుకూ ఫేజుకూ మధ్య రెండు మూడు వోల్టులు. మెకానిక్కేమో ఏవీఆర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే పరికరం) పోయింది, కొత్తది వేద్దాం అంటున్నాడు. ఎలక్ట్రీషియన్ బ్యాటరీ తగిలిస్తే చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి? రాత్రిపూట కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి సరుకు తేలిపోతుంది.

రాగితీగ:
ఎలక్ట్రీషియన్ మాటే వినండి. నెలల తరబడి వాడకపోతే ఎక్సైటర్ (ఆల్టర్నేటర్‌లో తిరిగే రోటరుకు కరెంటు అందించే చిన్న జనరేటరు) ఇనుములో మిగిలి ఉండాల్సిన అయస్కాంతత్వం సన్నగిల్లుతుంది. దానివల్ల పుట్టే కాస్త వోల్టేజీ అందకపోతే ఏవీఆర్ పని మొదలుపెట్టదు. ఎక్సైటర్ తీగలకు ప్లస్సుకు ప్లస్సు చూసుకుని 12 వోల్టుల బ్యాటరీని రెండు సెకన్లు తగిలించండి. వైండింగ్ షాపు నడుపుతున్నాను, బాగున్న ఏవీఆర్‌ను పారేసి కొత్తది కొన్నవాళ్లను చాలామందిని చూశాను.

మెగ్గర్ మాస్టారు:
రాగితీగ గారూ, సగమే చెప్పారు. ఏవీఆర్ తీగలు విప్పకుండా బ్యాటరీ పెడితే బాగున్న ఏవీఆర్ కూడా పోవచ్చు. జనరేటరు స్టార్టింగ్ బ్యాటరీనే వాడితే ఇంకో చిక్కు: దాని మైనస్ బాడీకి కలిసి ఉంటుంది, కాబట్టి ఆల్టర్నేటర్ న్యూట్రల్‌కు ఉన్న ఎర్త్ ముందు విప్పాలి. ట్రాక్టరు బ్యాటరీ విప్పి తెచ్చి విడిగా పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

అసలు బ్యాటరీని నేను మందుగా కాదు, పరీక్షగా వాడతాను. లోడు బ్రేకరు దించి, ఏవీఆర్ నుంచి ఎక్సైటర్ తీగలు రెండూ విప్పి, వాటికి 12 వోల్టులు ఇచ్చి ఇంజిను 1500 ఆర్‌పీఎం మీద నడపండి. మూడు ఫేజులూ సమానంగా, 415కు దగ్గరగా వస్తే వైండింగులు, డయోడ్లు (ఎక్సైటర్ కరెంటును డీసీగా మార్చి రోటరుకు పంపేవి) బాగున్నట్టే. తప్పు ఏవీఆర్ వైపు వెతకాలి. సమానంగానే ఉన్నా బాగా తక్కువ వస్తే తిరిగే డయోడ్లనో, రోటరునో అనుమానించాలి. ఒక ఫేజు ఎక్కువా ఒకటి తక్కువా వస్తే స్టేటర్ (తిరగని భాగం) వైండింగే. బ్యాటరీ తీగ తీసేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, చేయి తగలనివ్వకండి.

రాగితీగ:
మాస్టారూ, అర్ధరాత్రి చెరువు గట్టు మీద టార్చిలైటు పట్టుకుని ఇదంతా ఎవరు చేస్తారు? ముందు ఏవీఆర్ ఫ్యూజు చూడాలి. తర్వాత వోల్టేజీ ఎంతుందో దానికి తెలిపే సెన్సింగ్ తీగ. పాత సెట్లలో ఊపుడికి లగ్గు (తీగ చివర బిగించే ముక్క) దగ్గరే తెగుతుంది, పైన తొడుగు బాగానే కనిపిస్తుంది. తీగను వేలితో కాస్త లాగి చూస్తే తెలిసిపోతుంది.

మెగ్గర్ మాస్టారు:
ఫ్యూజు, తీగల సంగతి ఒప్పుకుంటాను, అవే ముందు చూడాలి. కానీ ఏవీఆర్ మార్చిన కొన్నాళ్లకే మళ్లీ పోయిందని వచ్చే కేసుల సంగతేమిటి? ఒక డయోడు షార్టయితే ఎక్సైటర్ ఫీల్డుకు ఎక్కువ కరెంటు కావాలి, ఆ భారమంతా ఏవీఆర్ మీద పడుతుంది. కొత్తది వేసినా అదే గతి. ఆరు డయోడ్లూ ఒక చివర విప్పి మీటరుతో చూడటానికి గంట కూడా పట్టదు. ఏవీఆర్ ధర ముందు ఆ గంట ఎంత?

రైసుమిల్లు:
ఒక్క మాట. స్పీడు కూడా చూశారా? ఇంజిను స్పీడును నిలిపే గవర్నరు అరిగి 50 హెర్ట్‌జ్ కాస్తా 45కు పడితే చాలా ఏవీఆర్‌లు తమంతట తామే వోల్టేజీ తగ్గించేస్తాయి. అది రక్షణ, జబ్బు కాదు. మా దగ్గర దాన్ని చూసే ఏవీఆర్ మార్చమన్నారు.

మెగ్గర్ మాస్టారు:
నిజమే, కానీ ఇక్కడ వోల్టేజీ తగ్గలేదు, అసలు లేదు. రెండూ వేరు.

చెరువుగట్టు:
ఫ్యూజు బాగుంది, తీగలూ గట్టిగానే ఉన్నాయి. మాస్టారు చెప్పినట్టు ఏవీఆర్ విప్పి ట్రాక్టరు బ్యాటరీ పెట్టాం. మూడు ఫేజులూ 400కు అటూ ఇటూ సమానంగా వచ్చాయి. ఇంజిను ఆపి, బ్యాటరీ తీసి, పాత ఏవీఆర్‌నే తిరిగి కలిపి స్టార్ట్ చేశాం. 415 నిలబడింది. ఏరేటర్లు వేసినా తగ్గలేదు. మెకానిక్ ఇంకా ఏవీఆర్ మార్చమనే అంటున్నాడు.

రాగితీగ:
నేను మొదట చెప్పింది ఇదే కదా!

మెగ్గర్ మాస్టారు:
పరీక్షకు పెట్టిన బ్యాటరీయే అయస్కాంతత్వాన్ని కూడా తెచ్చింది, అంతవరకు మీ మాటే నెగ్గింది. అయితే నెలల తరబడి ఆగిన సెట్లన్నీ ఇలా పోవడం లేదు. గట్టు మీది తేమ, ఉప్పుగాలి కూడా కారణం కావచ్చు. చెరువుగట్టు గారూ, పంట లేని రోజుల్లో కూడా నెలకు రెండుసార్లు కాస్త లోడు వేసి నడపండి. మళ్లీ వోల్టేజీ పోతే బ్యాటరీతో సరిపెట్టుకోకుండా డయోడ్లు చూపించండి, వైండింగ్‌కు మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) కొట్టించండి. ఒక మెగఓమ్ కంటే తక్కువ చూపిస్తే ఆరబెట్టాకే నడపాలి.

రాగితీగ:
మెగ్గర్ కొట్టే ముందు ఏవీఆర్ తీగలన్నీ విప్పించండి. డయోడ్లను కూడా వైరు ముక్కతో షార్ట్ చేయించండి. మెగ్గర్ ఇచ్చే 500 వోల్టులు తగిలితే ఇప్పుడు బతికిన ఏవీఆర్ అప్పుడు నిజంగానే పోతుంది.