సీ హారియర్ మోడల్‌కి మురికి ఎంత పట్టించాలి?

సాగర్_72, ఎంవీపీ కాలనీ:
ఎయిర్‌ఫిక్స్ కంపెనీ వారి 1:72 (అసలు సైజులో 72వ వంతు) సీ హారియర్ యుద్ధవిమానం మోడల్ కట్టడం అయిపోయింది. మన నేవీ వైట్ టైగర్స్ స్క్వాడ్రన్, అంటే ఐఎన్ఏఎస్ 300 గుర్తులతో చేస్తున్నాను. ముదురు బూడిద రంగు కొట్టి, డెకాల్స్ (గుర్తుల స్టిక్కర్లు) అతికించి, పైన గ్లాసీ (మెరిసే) వార్నిష్ కోటు కూడా వేసేశాను. వాష్, అంటే గీతల్లోకి దిగేలా పోసే పల్చటి రంగు, దాని దగ్గరికొచ్చి ఆగిపోయాను. మా వాట్సాప్ గ్రూపులో సగం మంది "నల్ల వాష్ పోసెయ్, ఉప్పుగాలిలో తిరిగిన విమానం కాబట్టి తుప్పు చారలు కూడా పెట్టు" అంటున్నారు. మిగతావాళ్లు ఏ మరకా లేకుండా కొత్తదానిలా ఉంచమంటున్నారు. రెండు రోజుల నుంచి అదే టెన్షన్. చేయి తిరిగినవాళ్లు చెప్పండి.

గాజువాక_గ్రే:
గట్టిగా వెయ్యి గురూ, భయపడకు. బీచ్ రోడ్డులో కురుసురా సబ్‌మెరైన్ ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం దగ్గరికెళ్లి దాని ఒళ్లు ఒకసారి చూడు. సముద్రం పక్కన విమానం ఎలా ఉంటుందో అక్కడే తెలుస్తుంది. మరక లేని మోడల్ షాపులో కొన్న బొమ్మలా ఉంటుంది. పోటీ టేబుల్ మీద పదిమంది ముందు ఆగేది కూడా వెదరింగ్ (మురికి, వాడకం గుర్తులు) బాగా కనిపించే మోడల్ దగ్గరే.

సీతమ్మధార_స్కేల్:
సాగర్ గారూ, నేను ఒకటే నియమం పెట్టుకున్నాను. ప్రతి మరకకీ ఒక కారణం ఉండాలి. ఇది అసలు విమానం మీదికి ఎలా వచ్చింది అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పగలగాలి. చెప్పలేని మరక వెయ్యకూడదు.

ముందు టీయూ-142 సంగతి. అది 2017 మార్చిలో సర్వీసు నుంచి తప్పుకుంది, డిసెంబరులో మ్యూజియంగా తెరిచారు. అప్పట్నుంచి ఎగరకుండా ఆరుబయట నిలబడి ఉంది. దాని మీద ఇప్పుడు మనకి కనిపించేది రిటైరయ్యాక ఎండావానా చేసిన పని. సాగర్ చేస్తున్నది విమానవాహక నౌక విరాట్ డెక్ మీద డ్యూటీలో ఉన్న విమానం. నౌక మీద ఉండే విమానాల్ని ఉప్పు పేరుకోకుండా మంచినీళ్లతో కడుగుతూనే ఉంటారు. రంగు లేచిన చోట వెంటనే టచప్ చేస్తారు. అందుకే వాటి మీద తుప్పు కంటే రంగు అతుకులే ఎక్కువ కనిపిస్తాయి. పాత బూడిద మీద కొత్త బూడిద, కాస్త వేరే షేడులో, చిన్న చిన్న ముక్కలుగా. బేస్ రంగులో ఒక చుక్క తెలుపో నలుపో కలిపి సన్న బ్రష్‌తో ప్యానెల్ అంచుల దగ్గర, తరచూ తెరిచే మూతల చుట్టూ అద్దండి. ఆ పని చాలామంది చెయ్యరు. చేసినవాళ్ల మోడల్‌కి మాత్రం ప్రాణం వస్తుంది.

ఇక ఎర్ర తుప్పు. ఈ విమానం ఒళ్లు ఎక్కువ భాగం అల్యూమినియం మిశ్రమం. అది ఎర్రగా తుప్పు పట్టదు, ఉప్పుకి తినేస్తే తెల్లటి పొడి వస్తుంది. పైగా దీన్ని నేవీ కోసం తయారు చేసేటప్పుడే, మామూలు హారియర్‌లో ఉన్న మెగ్నీషియం భాగాల్ని చాలావరకు మార్చేశారు, సముద్రంలో తట్టుకోవాలని. రెక్క మీంచి గోధుమరంగు చారలు కారుతున్న హారియర్‌ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎంతో ఓపికతో కట్టిన మోడల్ ఆ ఒక్క పనితో అబద్ధం అయిపోతుంది.

హారియర్‌లో అసలు అందం నాజిల్స్, అంటే ఇంజిన్ గాలి బయటికి చిమ్మే గొట్టాల దగ్గర ఉంది. నాలుగు నాజిల్స్ ఉంటాయి కదా, వాటిలో ముందు రెండింట్లోంచి వచ్చేది ఫ్యాన్ గాలి, పొగ కాదు. వెనక రెండింట్లోంచి మాత్రమే మండిన వాయువు వస్తుంది. అందుకే వాటి వెనక ఒంటికి వేడి తట్టుకునే రేకు ఉంటుంది. నాలుగింటికీ ఒకేలా మసి పట్టించినవి ఎన్నో చూశాను. ముందు వాటిని ఒంటి రంగులోనే ఉంచండి. వెనక వాటికి మాడిన లోహం రంగు వేసి, ఎయిర్‌బ్రష్‌లో బాగా పల్చన చేసిన నలుపు-గోధుమ కలిపి, తక్కువ ప్రెషర్‌తో నాజిల్ మూతి నుంచి తోక వైపు రెండు మూడు సార్లు పోనివ్వండి. పోయేకొద్దీ చారని కొంచెం కిందికి దించండి. మొదటిసారికి ఏమీ కనబడదు, అక్కడే తొందరపడి ప్రెషర్ పెంచేస్తారు. ఆరనిచ్చి రెండోసారి వెయ్యండి.

ప్యానెల్ లైన్లకి, అంటే రేకులు కలిసే చోట ఉండే గీతలకి, చిన్న లెక్క. కిట్‌లో గీత వెడల్పు సుమారు 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే, 72తో గుణిస్తే 14 మిల్లీమీటర్లు దాటుతుంది. అసలు విమానంలో రెండు రేకుల మధ్య వేలు పట్టేంత సందు ఉంటుందా? దాన్ని నల్లగా నింపితే విమానం విడివిడి ముక్కలు అతికించినట్టు అవుతుంది. బేస్ కంటే కాస్త ముదురు బూడిదతో వాష్ చాలు. ఫ్లాప్స్, ఎయిలెరాన్స్, ఎయిర్‌బ్రేక్, చక్రాల తలుపులు లాంటి కదిలే భాగాల దగ్గర నిజంగానే సందు ఉంటుంది, అక్కడ ఇంకొంచెం నల్లగా వెయ్యొచ్చు.

గాజువాక_గ్రే:
తుప్పు మాట ఒప్పుకుంటాను, అల్యూమినియం సంగతి నిజమే. లెక్క మాత్రం సగమే చెప్పారు మాస్టారూ. మోడల్‌ని మనం అడుగు దూరం నుంచి చూస్తాం, అంటే 30 సెంటీమీటర్లు. దాన్ని 72తో గుణించండి, 21 మీటర్ల పైన. అంత దూరం నుంచి అసలు విమానాన్ని ఎండలో చూస్తే రేకుల అంచుల దగ్గర నీడ కంటికి తెలుస్తుంది. 20 సెంటీమీటర్ల మోడల్ మీద ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుగు ఆ నీడ పడనివ్వదు. అందుకే రంగుతో ఆ నీడ మనమే వెయ్యాలి. దాన్ని అబద్ధం అనొద్దు, బొమ్మలు గీసేవాళ్లంతా చేసేది అదే.

సీతమ్మధార_స్కేల్:
నీడ వెయ్యాలన్న మాట నేను కాదనలేదు గ్రే గారూ. నీడకీ ఒక దిక్కు ఉంటుంది. రెక్క పైభాగంలో, అడుగున, ముక్కు మీద, తోక మీద అన్ని గీతలూ ఒకే నలుపుతో ఉంటే అది నీడ ఎలా అవుతుంది? గ్రాఫ్ పేపర్ అవుతుంది. అడుగుభాగంలో ఆయిల్, హైడ్రాలిక్ ద్రవం కారి మురికి పడుతుంది కాబట్టి అక్కడ ఎక్కువ వెయ్యండి, నేనూ వేస్తాను. పైన తగ్గించండి.

భీమిలి_బ్రష్:
మీ వాదన ఎలా తేలినా, సాగర్‌కి రెండు జాగ్రత్తలు. ఎనామెల్ వాష్ అయితే రెక్కల చివర ఉండే అవుట్‌రిగ్గర్ చక్రాల మొదట్లో థిన్నర్ మడుగు కట్టనివ్వకు. బిగువుగా అతికిన చోట ప్లాస్టిక్‌లోకి దిగి చిట్లగొడుతుంది. రెండోది, ఆఖరి మ్యాట్ (మెరుపు లేని) కోటు. మన ఊళ్లో వర్షాకాలం సాయంత్రాల్లో లాకర్ వార్నిష్ కొడితే, థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాల్లో తేమ దాని మీదే చేరుతుంది, తెల్లటి పొర కట్టేస్తుంది. ముదురు బూడిద మీద అది దాచినా దాగదు. ఏసీ వేసి గది ఆరాక, పల్చటి కోట్లుగా కొట్టు. కంప్రెసర్ గొట్టానికి నీళ్లు పట్టే ట్రాప్ ఉంటే ముందు దాన్ని ఖాళీ చెయ్యి.

సాగర్_72:
అందరికీ థాంక్స్ అండి. తుప్పు మానేస్తున్నాను. మసి వెనక నాజిల్స్‌కే. వాష్ విమానం పైభాగాన ముదురు బూడిద, అడుగున నలుపు. టచప్ అతుకులు ముందు పాత కిట్ రెక్క మీద వేసి చూస్తాను, అవి బాగా వస్తే ఆదివారం ఫొటోలు పెడతాను.

గాజువాక_గ్రే:
పెట్టు. నేనూ అదే కిట్‌కి పైనా కిందా నల్ల వాష్‌తోనే వేసి పక్కన పెడతాను. రెండూ ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి తీసిన ఫొటోలు అయితేనే లెక్కలోకి తీసుకుందాం.