పిస్తోలు తప్పు మాట కాదు

"పిస్తోలు అంటే పిస్టల్‌కు పాత పలుకుబడేనా? ఇప్పుడు రాతలో వాడితే తప్పా? రివాల్వర్‌ను పిస్తోలు అనొచ్చా?" అని నిన్న ఒక సోదరి అడిగారు. వాడితే తప్పు లేదు. ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత కారణం కూడా ఒకటుంది.

రెండేళ్ల కిందట ఒక పత్రికకు కథ పంపాను. 1930ల నాటి కథ. అందులో ఒక ముసలాయన "దొర నడుముకి పిస్తోలు వేలాడుతుండేది" అంటాడు. అచ్చులో చూసుకుంటే పిస్తోలు పోయి పిస్టల్ వచ్చింది. బడి మొహం చూడని ఆ మనిషి నోట ఆ మాట చదివేసరికి నాకు ప్రాణం ఉసూరుమంది. అడిగితే "తప్పు దిద్దామండీ" అన్నారు. అసలు తప్పెక్కడుందని అప్పట్నుంచీ ఈ మాట వెంట పడ్డాను.

ముందుగా ఆ 'త' చూడండి. ఇంగ్లీషు నుంచి నేరుగా వచ్చిన మాటల్లో మనం ఎక్కువగా 'ట' పలుకుతాం. స్టేషను, పోస్టు, టిక్కెట్టు, కోర్టు అంటాం. మరి పిస్తోలులో 'త' ఎలా వచ్చింది? ఇంగ్లీషువాళ్లకంటే ముందే మన తీరాలకు వచ్చిన పోర్చుగీసువాళ్ల మాటల్ని ఇంగ్లీషు మాటల పక్కన పెట్టి పోల్చి చూస్తే తెలుస్తుంది. చొక్కాకి పెట్టుకునే బొత్తాం వాళ్ల 'బొతావ్' నుంచి వచ్చింది, బటన్ ఇంగ్లీషు నుంచి వచ్చింది. తువాలు వాళ్ల 'తువాల్య' నుంచి, టవల్ ఇంగ్లీషు నుంచి. మేస్త్రీ వాళ్ల 'మెస్త్రి' నుంచి, మాస్టరు ఇంగ్లీషు నుంచి. ఒకే వస్తువుకో మనిషికో రెండు దారుల్లో రెండు మాటలొచ్చాయి. పాతదానిలో 'త', కొత్తదానిలో 'ట'. పిస్తోలు, పిస్టల్ ఈ వరసలోవే. పోర్చుగీసులో అది 'పిస్తోల'. హిందీ, ఉర్దూల్లోని 'పిస్తౌల్' కూడా ఆ కుదురుదే.

"ఆసుపత్రిలోనూ 'త' ఉంది కదా, అది హాస్పిటల్ నుంచే కదా" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే 'త' ఒక్కదాన్నే పట్టుకోను. ఆ 'తో' దీర్ఘాన్ని కూడా చూడండి. ఇంగ్లీషువాళ్లు పిస్టల్ అనేటప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద వేస్తారు, రెండోది మింగేస్తారు. పోర్చుగీసులో ఊనికంతా 'స్తో' మీదే. మన దీర్ఘం సరిగ్గా అక్కడే పడింది. మింగేసిన అచ్చు చెవినపడితే అంత నిండైన ఓకారం పుట్టదని నా నమ్మకం. ఇక బహువచనం చూడండి: పిస్తోళ్లు. కాలు కాళ్లయినట్టే, వేలు వేళ్లయినట్టే. ఆ మాట మన వ్యాకరణంలో ఎప్పుడో కలిసిపోయింది.

ఇక రివాల్వర్ సంగతి. అందులో తూటాలు పెట్టే చక్రం తిరుగుతుంది. అమెరికాలో తుపాకులు చేసే కోల్ట్ అనే ఆయనకు ఆ తిరిగే చక్రం మీద పేటెంటు వచ్చింది 1836లో. పిస్తోలు అంతకంటే చాలా పాతది. ఒక గుండు కూరి ఒకసారి పేల్చే చేతి తుపాకి ఉన్ననాటి మాట. తర్వాత తెల్ల ఆఫీసర్ల నడుములకు ఆరు తూటాల వెబ్లీ రివాల్వర్లు వచ్చాయి. చూసే జనానికి అదీ చేతిలో ఇమిడే తుపాకే, అదీ పిస్తోలే. చక్రం తిరిగేది రివాల్వర్, పిడిలో మ్యాగజైన్, అంటే తూటాల పెట్టె, పెట్టేది పిస్టల్ అన్న తేడా ఇప్పటి పోలీసులకూ క్రైం రిపోర్టర్లకూ అవసరం. పాత పిస్తోలు రెండింటినీ కలుపుకున్న మాట.

దీన్ని నేను మా ఇంట్లోనే చూశాను. చిన్నప్పుడు దీపావళికి రేకు తుపాకి కొనేవాళ్లు. ఎర్ర కాగితం రీలు, దాని మీద వరసగా మందు చుక్కలు. మీట నొక్కితే రీలు ఒక చుక్క ముందుకు జరిగి టప్పుమనేది, ముక్కుకు గంధకం వాసన కొట్టేది. కొన్నాళ్లకు ఎనిమిది కేపుల ఎర్ర ప్లాస్టిక్ రింగు తొడిగేది వచ్చింది. దాంట్లో చిన్న చక్రం నిజంగానే తిరిగేది. రివాల్వర్ ఎలా పనిచేస్తుందో నాకు తెలిసింది ఆ రింగు చూశాకే. మా నాయనమ్మకు మాత్రం రెండూ పిస్తోళ్లే. "ఆ పిస్తోలు పక్కన పడేసి అన్నానికి రారా" అనేది.

తెలంగాణ మిత్రులు ఒకరు తపంచా గురించి అడిగారు. అది ఫారసీ మాట, ఉర్దూ మీదుగా వచ్చింది. తమంచా అని కూడా అంటారు. ఫారసీలో 'తపాంచె' అంటే చేతి తుపాకీ, చెంపదెబ్బా రెండూనూ. ఉర్దూలో చెంపదెబ్బను తమాచా అనడం అందుకే. అయితే ఇవాళ మన పేపర్లలో తపంచా అంటే దొంగచాటుగా చేసిన నాటు పిస్టలే. కాబట్టి పాతకాలపు కథలో దొర నడుముకి తపంచా వేలాడిందని రాస్తే ఇప్పటి పాఠకుడు ఇంకోలా అనుకుంటాడు. అక్కడ పిస్తోలే నయం.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఐరోపాలో పిస్తోల అన్న మాటకు మూలం చెక్ భాషలోని 'పీష్త్యల' అని చాలామంది చెబుతారు. ఆ మాటకు పిల్లనగ్రోవి అని అర్థం. మన తుపాకి అన్న మాటకు మూలం టర్కీ భాషలోని 'తుఫెక్'. అదీ మొదట నోటితో ఊది పిట్టల్ని కొట్టే గొట్టం పేరే. రెండు దిక్కుల నుంచి వచ్చిన రెండు మాటలకూ మొదలు ఊదే గొట్టమే.

ఆ కథ ఇప్పుడు సంపుటిలో వేస్తున్నాను. పిస్తోలు మళ్లీ పెట్టాను. మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు ఏ మాట వాడేవారో, ఊరి పేరుతో సహా కింద రాయండి. ముఖ్యంగా తపంచాను మామూలు చేతి తుపాకి అన్న అర్థంలో విన్నవాళ్లెవరైనా ఉంటే తప్పకుండా చెప్పండి.