పేగన్ పౌరోహిత్యానికి సెమినరీ (మతగురువుల్ని తయారుచేసే కాలేజీ) డిగ్రీ కావాలా? గురువు దగ్గర నేర్చుకున్నది చాలదా?

వేపచెట్టు:
అందరికీ నమస్కారం. ఒహాయోలో ఒక ఆస్పత్రిలో రెస్పిరేటరీ థెరపిస్ట్‌ని. మాతో పనిచేసే నర్సు ఒకావిడ ఉంది, యాభై దాటాయి, పదిహేడేళ్ళుగా విక్కా మతంలో ఉంది. తెలియనివాళ్ళకి చెప్తాను. ఇంగ్లండ్‌లో మంత్రగత్తెల మీద ఉన్న పాత చట్టం 1951లో రద్దయ్యాక జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన జనంలోకి తెచ్చిన మతం ఇది. దేవుడూ ఉంటాడు, దేవతా ఉంటుంది, పౌర్ణమికి కలుస్తారు, వాళ్ళ చిన్న బృందాన్ని కోవెన్ అంటారు. వీళ్ళనీ, డ్రూయిడ్లనీ (పాత కెల్టు పూజారుల దారి పట్టినవాళ్ళు), స్కాండినేవియా వైపు పాత నార్స్ దేవతల్ని కొలిచేవాళ్ళనీ అందరినీ కలిపి పేగన్లు అంటారు. ఈవిడకి మూడు దీక్షలూ అయిపోయాయి, కోవెన్‌కి ఆవిడే పెద్ద. దీక్షకీ దీక్షకీ మధ్య ఏడాది మీద ఒక రోజు ఆగాలట, మంత్రాల పుస్తకం మొత్తం చేత్తో రాసుకోవాలట, జిరాక్స్ కుదరదు. నాకు చూపించింది, అట్ట ఊడిపోయిన లెక్కల నోటుబుక్కు, మధ్యలో కొవ్వొత్తి మైనం మరకలు.

ఇప్పుడావిడ నర్సింగ్ మానేసి చాప్లిన్ అవుదామనుకుంటోంది. అంటే ఆస్పత్రిలో రోగుల పక్కన కూర్చుని మాట్లాడే మతగురువు. ఆ ఉద్యోగం గురించి కనుక్కుంటే వాళ్ళు ముందు అడిగిన మాట: ఎం.డివ్ ఉందా? మాస్టర్ ఆఫ్ డివినిటీ, మూడేళ్ళ పీజీ. ఆ రోజు బ్రేక్‌రూమ్‌లో మైక్రోవేవ్ ముందు నిలబడి "మీ గుడిలో పూజారికి ఏ డిగ్రీ ఉంది?" అని నన్నడిగింది. నాకు తెలీదు. పదేళ్ళుగా ఆ గుడికి వెళ్తున్నా ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. మీరేమంటారు, ఆవిడ చదవాలా వద్దా?

గోదారిగట్టు:
వద్దు. మా నాన్నగారు అర్చకులు, ఎనిమిదో ఏట నుంచి మా తాతగారి పక్కన కూర్చుని పాంచరాత్రం (వైష్ణవ ఆలయ పూజావిధానం) నేర్చుకున్నారు. కాలేజీ మెట్టు ఎక్కలేదు. 1987లో మన దేవాదాయ చట్టం వచ్చి వంశపారంపర్యం చెల్లదు, అర్హత చూపించమంది. 1996లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. అప్పుడు ఈయన కళ్ళజోడు పెట్టుకుని కుర్రాళ్ళ పక్కన పరీక్షకి కూర్చోవాల్సొచ్చింది. "మంత్రం రాయమంటే రాస్తాను రా, స్వరం ఎలా రాయను?" అన్నారు ఇంటికొచ్చి. పదిహేడేళ్ళు చేసినావిడకి ఇంకా మూడేళ్ళ క్లాసులేంటండీ? వాళ్ళ బళ్ళో సీటు నిండాలని తప్ప.

రెండోషిఫ్ట్:
గోదారిగట్టు గారూ, నాన్నగారి మీద గౌరవంతోనే ఒక మాట. ఆయన చేసింది అర్చన, ఆవిడ చేస్తానంటున్న పని వేరు. నేను టెక్సాస్‌లో హిందూ చాప్లిన్‌గా రెసిడెన్సీలో, అంటే ఆస్పత్రి శిక్షణలో, ఉన్నాను కాబట్టి చెప్తున్నా. ఇక్కడ చాప్లిన్ల బోర్డు సర్టిఫికేషన్‌కి చాలాకాలంగా అడుగుతూ వచ్చినవి ఇవీ: 72 క్రెడిట్ల పీజీ చదువు, నాలుగు యూనిట్ల సీపీఈ (ఒక్కోటి సుమారు 400 గంటలు), మీ మతసంస్థ నుంచి సిఫారసు ఉత్తరం.

సీపీఈ అంటే వార్డులో ట్రైనింగ్. రోగితో మాట్లాడొచ్చి ఆ సంభాషణ గుర్తున్నంతవరకు మాటకి మాట రాయాలి, వెర్బాటిమ్ అంటారు. నా మొదటిది ఒక బాప్టిస్టు ముసలాయన గురించి. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, ఆయన "అలిసిపోయాను బాబూ" అన్నాడు, నేను "దేవుడున్నాడండీ" అన్నాను. మా సూపర్‌వైజర్ ఆ లైన్ చుట్టూ ఆకుపచ్చ పెన్నుతో గీసి, "ఈ మాట ఎవరి కోసం అన్నావు?" అంది. నిజం చెప్పాలంటే ఆ గదిలోంచి బయటపడదామని అన్నాను. మా అమ్మమ్మ నేర్పిన విష్ణు సహస్రనామం నాకు మొత్తం వచ్చు, ఆ ప్రశ్నకి అది పనికిరాలేదు.

ఇంకోటి, ఇప్పటిదాకా నాకు తగిలిన హిందూ పేషంటు ఒక్కడే, అతనూ క్రికెట్ స్కోరే అడిగాడు. ఆవిడకీ అంతే, తన మతం వాళ్ళు అరుదుగా దొరుకుతారు. మిగతా అన్ని గదుల్లో ఎవరితో కూర్చుంటుందో దానికి చదువు కావాలి.

బ్రిస్టల్‌లో_ఉప్మా:
సీపీఈ సరే బ్రో, ఒప్పుకుంటా. కానీ ఎం.డివ్ అనేది చర్చి పాస్టర్ల కోసం కుట్టిన చొక్కా, దాన్ని పేగన్ల మీద వేస్తున్నారు. అక్కడ సెమినరీలకి గుర్తింపు ఇచ్చే పెద్ద సంఘం ఏటీఎస్, అది క్రైస్తవ, యూదు విద్యాసంస్థల కోసం పెట్టుకున్నది. పేగన్లు తమకంటూ చెర్రీ హిల్ సెమినరీ పెట్టుకున్నారు, వెర్మాంట్‌లో మొదలై సౌత్ కరోలినాకి మారింది, క్లాసులన్నీ ఆన్‌లైన్, కానీ దానికి అక్రెడిటేషన్ లేదు. అంటే తన మతం చదివితే డిగ్రీ చెల్లదు, చెల్లే డిగ్రీ కావాలంటే పక్కింటివాళ్ళ వేదాంతం చదవాలి, అదీ అప్పు చేసి. యాభై దాటినావిడ! రిటైరయ్యేదాకా ఈఎంఐలే.

బౌద్ధులకైతే కొలరాడోలో నరోపా ఉంది, గుర్తింపు ఉన్న యూనివర్సిటీ. పేగన్లకి అలాంటిది ఏదీ?

రెండోషిఫ్ట్:
పక్కిల్లు అన్నీ ఒకటి కాదు అన్నా. యూనిటేరియన్ యూనివర్సలిస్టుల్లో (ఏ నమ్మకం ఉన్నవాళ్ళనైనా చేర్చుకునే మతసంఘం) పేగన్లకి ఎప్పట్నుంచో చోటుంది, కాలిఫోర్నియాలో వాళ్ళ స్టార్ కింగ్ స్కూల్‌కి ఏటీఎస్ గుర్తింపు కూడా ఉంది, అక్కడ పేగన్లు చదువుకున్నారు. అప్పు సంగతి మాత్రం నువ్వన్నది నిజం, నాదీ తీరలేదు.

లాపాయింట్:
హైదరాబాద్ నుంచి, వృత్తి వకాల్తా. కోర్టు కేసులు చూస్తే ఈ చర్చ వేరేలా కనిపిస్తుంది. 1986లో వర్జీనియా జైల్లో ఒక ఖైదీ కేసులో అప్పీల్ కోర్టు విక్కా మతమేనని ఒప్పుకుంది. ఒప్పుకుని, అతను పూజకి అడిగిన కొవ్వొత్తులు, ఉప్పు, ధూపం, తెల్ల అంగీ మాత్రం ఇవ్వక్కర్లేదంది! సెక్యూరిటీ అట. మా దగ్గర దీన్ని "దావా డిక్రీ అయింది, అమలు కాలేదు" అంటాం.

తర్వాత సైనికుల సమాధులు. అఫ్ఘానిస్తాన్‌లో చనిపోయిన నెవాడా నేషనల్ గార్డ్ సైనికుడి పేరు పక్కన విక్కా గుర్తు, అదే వలయంలో ఐదు మొనల నక్షత్రం, చెక్కడానికి ప్రభుత్వం ఏళ్ళ తరబడి నాన్చింది. విస్కాన్సిన్‌లోని సర్కిల్ శాంక్చువరీ అనే పేగన్ సంస్థ, ఆ కుటుంబం, ఇంకొందరు దావా వేస్తే 2007 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది.

మన చర్చకి దగ్గరది మూడోది. కాలిఫోర్నియా జైళ్ళలో జీతమిచ్చే చాప్లిన్ పోస్టులు ఐదు వర్గాలకే: ప్రొటెస్టెంట్, కాథలిక్, యూదు, ముస్లిం, నేటివ్ అమెరికన్. పాట్రిక్ మెకాలమ్ అని ఏళ్ళ తరబడి జీతం లేకుండా జైళ్ళకి వెళ్ళిన విక్కా గురువు దీని మీద పోరాడితే 2011లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు ఆయన కేసు కొట్టేసింది, ఖైదీల మతహక్కుల తరఫున వాదించే అర్హత నీకు లేదని. కాబట్టి డిగ్రీ ఉంటే తలుపు తెరుచుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వొద్దు. డిగ్రీ లేదనే సాకు మాత్రం వాళ్ళ చేతిలోంచి పోతుంది, అంతవరకే.

బ్రిస్టల్‌లో_ఉప్మా:
అదే నేననేది! సాకు పోగొట్టడానికి మూడేళ్ళా? దానికన్నా కాలిఫోర్నియాలో యూనివర్సల్ లైఫ్ చర్చి వాళ్ళు ఆన్‌లైన్‌లో ఫ్రీగా దీక్ష ఇస్తారు, మా కజిన్ రెండు నిమిషాల్లో పాస్టర్ అయ్యి వాళ్ళ ఫ్రెండ్ పెళ్ళి చేశాడు 😀

వేపచెట్టు:
ఆవిడ ముందు ఈ మాట అనకండి, మండిపడుతుంది. టెనెసీలో 2019లో ఆన్‌లైన్ దీక్షలతో పెళ్ళిళ్ళు చేయకూడదని చట్టం చేసింది ఇలాంటివాళ్ళ వల్లే. పదిహేడేళ్ళూ నోటుబుక్కు రాసినావిడ, రెండు నిమిషాల పాస్టరూ ఒకటేనా?

అసలు పేగన్లలో కూడా అందరూ చదువు వద్దనరు. ఐజాక్ బోన్‌విట్స్ అని ఒకాయన 1970లో బర్క్‌లీలో ఏకంగా మాంత్రికవిద్యలో బీఏ తీసుకున్నాడు, 1983లో డ్రూయిడ్ల సంస్థ పెట్టి, మిగతా మతాలవాళ్ళతో సమానంగా మన పూజారులూ చదవాలని పట్టుబట్టాడు. ఇదీ ఆవిడే చెప్పింది. ఆ డిగ్రీ ఇప్పుడు ఇవ్వరు కదా అని నవ్వింది కూడా.

రెండోషిఫ్ట్:
ఉప్మా అన్నా, మీ బ్రిస్టల్‌లోనే ఉన్నాడు కదా ప్రొఫెసర్ రోనల్డ్ హటన్. విక్కా రాతియుగం నుంచి గుట్టుగా వస్తున్న మతం కాదు, ఇరవయ్యో శతాబ్దంలో కట్టుకున్నదే అని చరిత్ర తవ్వి చూపించాడు. ఆ మాట ఎన్ని కోవెన్లలో గురువులు శిష్యులకి చెప్పి ఉంటారు? నాకు గురువు కన్నా లైబ్రరీ మీద నమ్మకం ఎక్కువ అని కాదు. ఇంకో చిక్కుంది. కోవెన్‌లో గురువు హద్దు దాటితే ఫిర్యాదు ఎవరికి చేయాలి? సీపీఈలో మొదటి వారం చెప్పేది అదే, రహస్యం ఎంతవరకు దాచాలి, ఎప్పుడు పైవాళ్ళకి చెప్పి తీరాలి, మనం ఎక్కడ ఆగాలి. ఎనిమిదిమంది గుంపులో పెద్దే తప్పు చేస్తే మిగతా ఏడుగురూ ఆ పెద్ద శిష్యులే.

బ్రిస్టల్‌లో_ఉప్మా:
ఎం.డివ్ ఉన్నవాళ్ళ మీద కేసులు లేవా ఏంటి? పేపర్ చదవవా? హటన్ సంగతి మాత్రం నిజమే, ఇక్కడి పేగన్లు చాలామంది ఆ చరిత్ర ఒప్పుకుని కూడా మతం వదల్లేదు. 2010లో ఇక్కడ ఇంగ్లండ్‌లో ఛారిటీ కమిషన్ డ్రూయిడ్ నెట్‌వర్క్‌ని మతసంస్థగా రిజిస్టర్ చేసినప్పుడు ఎవరి డిగ్రీలూ లెక్కపెట్టలేదు.

గోదారిగట్టు:
నిన్న రాత్రి రెండోషిఫ్ట్ బాబు రాసింది చదివి పడుకున్నా, నిద్ర పట్టలేదు. ఒక సంగతి గుర్తొచ్చింది. మా నాన్నగారు చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ ఇంటికి వెళ్ళేవారు కాదు. మైల, మళ్ళీ గుళ్ళో అడుగుపెట్టాలి కదా. మా ఎదురింటి మాస్టారు పోతూ ఆయన్ని చూడాలన్నారట, ఈయన వీధరుగు దాకా వెళ్ళి అక్కడే నిలబడి తులసి తీర్థం పంపారు. నేను ఆ గ్లాసు పట్టుకెళ్ళాను, పదేళ్ళుంటాయి. మాస్టారు నా వెనకాల గుమ్మం వైపే చూస్తున్నారు. కాబట్టి నా పోలిక తప్పు, ఆవిడ వెళ్తానంటున్నది మా నాన్నగారు వెళ్ళని గదిలోకి. దానికి చదువు కావాలంటే కావాలేమో. కానీ బైబిల్ కోసం మూడేళ్ళ గ్రీకూ హీబ్రూ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు, అది ఎవరైనా చెప్తే వింటాను.

రెండోషిఫ్ట్:
గ్రీకు అన్ని చోట్లా తప్పనిసరి కాదు బాబాయ్ గారూ. కానీ మీరడిగింది న్యాయమే. నాకూ అందులో సగం దేనికో తెలీదు.

వేపచెట్టు:
అప్‌డేట్. ఈ చర్చ మొత్తం ఆవిడకి లంచ్‌లో ఇంగ్లీషులో చెప్పాను, తులసి తీర్థం దగ్గర ఆవిడ తినడం ఆపేసింది. ఎం.డివ్‌కి ఇప్పుడే చేరడం లేదట. ముందు నర్సు ఉద్యోగం చేసుకుంటూనే ఒక్క సీపీఈ యూనిట్ చేసి చూస్తుంది, రాత్రి వార్డులో తనకి సాగుతుందో లేదో తేలాక డబ్బు సంగతి ఆలోచిస్తుంది.

చిక్కల్లా అప్లికేషన్‌కి మతసంస్థ నుంచి ఉత్తరం జతచేయమన్నారు. కోవెన్‌కి లెటర్‌హెడ్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, పెద్ద ఆవిడే కాబట్టి ఆవిడకి ఆవిడే సిఫారసు రాసుకోవాలి! పాత గురువు ఇండియానాలో ఉందట, సంతకం ఆవిడ పెడతానంది. లెటర్‌హెడ్ నన్ను చేసిపెట్టమంది, వర్డ్‌లో సగం చేశాను, పైన చంద్రవంక పెట్టాను. లాపాయింట్ గారూ, అడ్రస్ దగ్గర ఏం రాయమంటారు? వాళ్ళు కలిసేది ఒకావిడ పెరట్లో, గ్యారేజీ వెనకాల.