‘అప్‌గ్రేడ్-ఇన్‌సెక్యూర్-రిక్వెస్ట్స్’: ప్రార్థనార్థకమా, విధ్యర్థకమా?

బ్రౌజరు, సర్వరు ఒకదానికొకటి పంపుకునే సందేశాల్లో కనిపించే ఈ పేరును ‘అసురక్షిత అభ్యర్థనలను ఉన్నతీకరించు’ అని తెలుగు చేయవచ్చా అని అడిగిన మిత్రునికి నా జవాబు: వద్దు. మాటకు మాట సరిపోయింది గానీ, ఆ మాట ఎవరు ఎవరితో అంటున్నారో అందులో తెలియడం లేదు.

బ్రౌజరు ఒక పేజీని అడిగేటప్పుడు సర్వరుకు కొన్ని హెడర్లు, అంటే అదనపు సమాచారం చెప్పే చిన్న పంక్తులు, కూడా పంపుతుంది. వాటిలో ‘అప్‌గ్రేడ్-ఇన్‌సెక్యూర్-రిక్వెస్ట్స్: 1’ ఒకటి. ‘నాకు హెచ్‌టీటీపీఎస్ (గుప్తీకరించిన సురక్షిత దారి) అయితే మేలు, మీ దగ్గర ఆ దారి ఉంటే అటు పంపండి’ అని దాని భావం. సర్వరుకు వీలుంటే 307 అనే సంకేతంతో సురక్షిత చిరునామాకు మళ్లిస్తుంది, లేకపోతే మామూలు పేజీయే ఇస్తుంది. బడిలో చదువుకున్న వ్యాకరణం ప్రకారం ఇది ప్రార్థనార్థకం.

ఇదే పేరు ఎదురు దిశలోనూ ఉంది. పేజీ భద్రతా నియమాలు చెప్పడానికి సర్వరు పంపే ‘కంటెంట్-సెక్యూరిటీ-పాలసీ’ హెడరులో వచ్చినప్పుడు అది పక్కా విధ్యర్థకం: పేజీలో హెచ్‌టీటీపీ (గుప్తీకరణ లేని పాత దారి) అని రాసి ఉన్న బొమ్మలను, స్క్రిప్టులను హెచ్‌టీటీపీఎస్‌కు మార్చే తెచ్చుకోవాలి. అక్కడ బ్రౌజరుకు ఇష్టాయిష్టాలు లేవు. సురక్షితంగా దొరకని బొమ్మ పేజీలో కనిపించదు, పాత దారిలో మళ్లీ ప్రయత్నించడమూ ఉండదు.

పేరు ఎంత పని చేస్తుందో చెప్పడానికి 2015 నాటి ఉదంతం చాలు. క్రోమ్ బ్రౌజరు 44వ వెర్షనులో, బ్రౌజరు పంపే ఈ హెడరు పేరు కేవలం ‘హెచ్‌టీటీపీఎస్: 1’. క్రియ లేదు, కోరుతున్నట్టు సూచనైనా లేదు. దాన్ని చూసిన కొన్ని సర్వరు ప్రోగ్రాములు కనెక్షను అప్పటికే సురక్షితంగా ఉందనుకుని, హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన సర్టిఫికెట్ లేని సైట్లలో కూడా లింకులను హెచ్‌టీటీపీఎస్‌తో రాసి ఇచ్చాయి. పేజీలు చెదిరిపోయాయి. కోరికను వాస్తవంగా చదివినందుకు వచ్చిన చిక్కు అది. ఆ తర్వాతే ఇప్పుడున్న పొడవైన పేరు పెట్టారు. పొడవైనా నాకు అదే నచ్చింది, కనీసం అందులో ఒక క్రియ ఉంది.

హెడరు పేరు కోడులో భాగం కాబట్టి దాన్ని కదపకుండా, వివరణలో మాత్రం తేడా చూపాలని నా ప్రతిపాదన. బ్రౌజరు పంపేదానికి ‘సురక్షిత మార్గం ఉంటే చూపగలరు’, సర్వరు పంపేదానికి ‘సురక్షితంగా మార్చే తెచ్చుకో’. మొదటిదానికి నామవాచకం కావాలంటే ‘సురక్షిత మార్గపు కోరిక’ అనవచ్చు. ‘కోరిక’ కన్నా మంచి మాట తోస్తే రాయండి. ‘అభ్యర్థన’ మాత్రం వద్దు, దాన్ని ఇప్పటికే ప్రతి రిక్వెస్టుకూ వాడుతున్నాం.