చోద్యం చూడ్డం: మా జేజి మాటా, పేపరోళ్ళ మాటా

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒక మాట నా నెత్తిన కూర్చోనుండాది, ఈడ దించుకుంటే తప్ప పొయ్యేట్టు లేదు. మాట "చోద్యం".

ఎట్లా మొదులైందంటే, మా చుట్టాలందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, తిరప్తి, చిత్తూరు, పలమనేరు, మదనపల్లె అన్నీ కలిపి ముప్పై మందిమి. పొద్దున గుడ్‌మార్నింగ్ పూలు అయిపోయినాక ఎవరో ఒకరు కొండ మీద బంగారు బల్లి ఫొటో పెడతారు (నిజంగానే బంగారు నీళ్ళు పోసినట్టు ఉంటుంది, 1870లో బెడ్డోమ్ అనే దొర మన తిరప్తి కొండల్లోనే చూసి మొదట దీని గురించి రాసినాడు), దాని కిందే శిలాతోరణం గురించి సగం నిజం సగం కథ, దాని కిందే రోడ్డు మీద యాక్సిడెంటై పడున్న మనిషి వీడియో, దాని కింద ఎవరింట్లోనో బిర్యానీ. అన్నిటినీ అదే బొటనవేలితో పైకి తోసేస్తాం.

మా జేజికి ఎనబై దాటినాయి, ఫోను ముట్టుకోదు గానీ నా భుజం మీద నుంచి అన్నీ చూస్తుంది. మొన్న బల్లిని చూసి "ఏం చోద్యం రా సామీ, ఎంత బాగుండాదో" అనింది. ఇంకో నిమిషానికి ఆ యాక్సిడెంటు వీడియో వచ్చింది, దానికీ అదే మాట, కానీ గొంతు వేరే: "ఏం చోద్యం రా ఇది, తీసేవోడికి చేతులున్నాయే, లేపేదానికి లేవా?"

నాకు చప్పున ఫోను పక్కన పెట్టాలనిపించింది. ఎందుకంటే నాకు తెలిసిన చోద్యం పేపర్లో హెడ్డింగు చోద్యం, "చోద్యం చూస్తున్న అధికారులు". అంటే ఏమీ చెయ్యకుండా చేతులు కట్టుకోని చూడ్డం. జేజి చోద్యంలో కోపం ఉంది, సంతోషం ఉంది, ఊరికే చూడ్డం మాత్రం యాడా లేదు. ఒకటే మాట ఇన్ని పనులు ఎట్లా చేస్తావుంది? తెలిసినోళ్ళు చెప్పండి.

చిత్తూరు నుంచి ఒక రిటైర్డ్ తెలుగు అయ్యవారు:
నాయనా, మీ జేజిదే అసలు వాడుకకి దగ్గర. సంస్కృతంలో చోద్యం అంటే అడగదగింది, ప్రశ్న, ఆక్షేపణ. శాస్త్రగ్రంథాల వ్యాఖ్యానాల్లో ఎదుటిపక్షం లేవనెత్తే అభ్యంతరం చోద్యం, దానికి చెప్పే సమాధానం పరిహారం. ధాతువు చుద్, తోయడం, పురికొల్పడం. గాయత్రిలో "ప్రచోదయాత్" అదే, పేపర్లో "వాహన చోదకుడు" కూడా అదే. ఆశ్చర్యం అనే అర్థం సంస్కృతంలోనే పక్కన చేరింది, మన తెలుగులోకి వచ్చేసరికి ఆశ్చర్యమే మిగిలి ప్రశ్న దారిలో జారిపోయింది. 1852 నాటి బ్రౌను నిఘంటువులోనూ ఆశ్చర్యమే చూస్తావు.
ఇంకో ముచ్చట. అమరకోశం నాట్యవర్గంలో "విస్మయోఽద్భుతమాశ్చర్యం చిత్రమప్యథ భైరవమ్" అని ఉంటుంది. ఆశ్చర్యానికి నాలుగు పేర్లు చెప్పి, ఊపిరి కూడా తీసుకోకుండా అదే పాదంలో భయానికి దిగిపోయినాడు. ఆ తర్వాత వరసగా దారుణం, భీషణం, భీష్మం, ఘోరం.

నేను:
అయ్యవారూ, ఇది అచ్చం మా వాట్సాప్ గ్రూపే కదా సార్! బల్లి కిందే యాక్సిడెంటు! ఇంకోటి, ఆ నాలుగు పేర్లలో "చిత్రం" కూడా ఉందే, మా వైపు "సిత్రంగా ఉండాదే" అంటాం, బొమ్మకీ అదే మాట వింతకీ అదే మాట. దీనికి నేను ఇంకా తేరుకోలేదు.

కాకినాడ వైపు నుంచి ఒకరు:
మా వైపు ఇలాంటి చోట "విడ్డూరం" అంటారండి. "విడ్డూరం కాకపోతే" అన్నారంటే ఎదుటివాణ్ణి దెప్పుతున్నట్టే. వింత వేరు, అందులో దెప్పు లేదు, కొత్తదనమే. పాత తెలుగులో వింతవాడంటే పరాయివాడు. అందుకే కొత్తొక వింత, పాతొక రోత అన్నారు.

నేను:
అవునండీ, వింత నుంచి రోతకి ముందు కొన్నేండ్లు పట్టేదేమో, ఇప్పుడు ఒక్క సాయంత్రం చాలు.

పలమనేరు అన్న ఒకరు:
తమ్ముడూ, చోద్యం చూడ్డం అంటే ఏందో మమ్మల్ని అడుగు. కౌండిన్య అడివికి 1980ల్లో ఏనుగులు వచ్చినాయి, అప్పట్నుంచీ మా చేలు వాటివీ మావీ. మా చిన్నప్పుడు గుంపు దిగిందంటే టపాసులు, డప్పులు, ఊరంతా పరుగు. ఇప్పుడు డప్పు కొట్టేవోడు ఒకడైతే ఫోను పట్టుకున్నోళ్ళు నలబై మంది, ఇంకా దగ్గరికి పో ఇంకా దగ్గరికి పో అని ఎనక నుంచి ఎగదోసేవోళ్ళు వేరే. అది తిరగబడితే మళ్ళీ ఏనుగుదే తప్పు. 2023 జూన్‌లో రాత్రి హైవే దాటతా ఉంటే కూరగాయల బండి గుద్ది మూడు ఏనుగులు చచ్చిపోయినాయి, నాకు ఆ సంగతి తెలిసిందే ఫోన్లో. నేను ఉండేది ఈ ఊర్లోనే. చచ్చిపోయిన ఏనుగుకి మా పల్లెల్లో పసుపు కుంకుమ పెట్టి దండం పెడతారు, వినాయకుడు కదా. ఆ వీడియో కింద ఎవరో నవ్వే బొమ్మ పెట్టినాడు, వాడు ఎవడో ఈరోజుకీ నాకు తెలీదు గానీ మర్చిపోలేదు.

(అన్నా, దీనికి నేను ఏమీ రాయలేకపోయినాను, లైకు కొట్టేదానికి కూడా చెయ్యి రాలేదు.)

తిరప్తి నుంచి ఒక అక్క:
నాదీ ఒకటి చెప్తా. మా ఇంటాయన ఏటా గంగమ్మ జాతరకి చీర కట్టి, జడ పెట్టుకోని, గాజులేసుకోని తాతయ్యగుంటలో ఉండే గంగమ్మ గుడికి పోతాడు, మొక్కు. పోయినేడు ఎవడో ఇరవై సెకన్లు తీసి జోకు మ్యూజిక్కు పెట్టి రీల్ చేసినాడు, బయటి రాష్ట్రాలోళ్ళు వచ్చి నానా మాటలు రాసినారు. వాళ్ళకి వింతగా ఉండడంలో తప్పు లేదు, మొదటిసారి చూస్తే ఎవరికైనా వింతే. కానీ ఒక్కడంటే ఒక్కడు "ఎందుకు కడతారు" అని అడగలా. అడిగుంటే చెప్పేవాళ్ళం కదా, ఆడోళ్ళని చెరిచే పాలెగాడు ఒకడుంటే వాణ్ణి చంపేదానికి గంగమ్మ రోజుకో వేషంలో ఊరంతా వెతికింది, బైరాగి, బండ, తోటి, చివరికి దొర వేషంలో పోతే నిజంగా దొర వచ్చినాడనుకోని వాడు బయటికొచ్చినాడు, తల తీసేసింది. మర్నాడు మాతంగి వేషంలో పొయ్యి వాడి పెండ్లానికి ఓదార్పు చెప్పొచ్చింది కూడా. ఆడోళ్ళని ఏడిపించినోడి కథకి మగోళ్ళు చీర కట్టడం, దాంట్లో ఎంత ఉందో చూడు తమ్ముడూ. ఇరవై సెకన్లలో అది పట్టదు.

నేను:
అక్కా, మీరు చెప్పింది చదివినాక అయ్యవారి మాట బాగా అర్థమైంది. ఆ రీల్ చూసినోళ్ళకి ఆశ్చర్యం వచ్చింది, అడగాల్సిన ప్రశ్న రాలా.

దీని మీదే ఒక పద్యం గుర్తుకొచ్చింది, ఇస్కూల్లో బట్టీ పట్టిందే, పోతన గారిది. కిట్టప్ప మన్ను తిన్నాడని యశోదమ్మ నోరు తెరవమంటే లోపల లోకాలన్నీ కనిపిస్తాయి కదా, అప్పుడు:

కలయో! వైష్ణవ మాయయో! యితర సంకల్పార్థమో! సత్యమో!
తలఁపన్ నేరక యున్నదాననొ! యశోదాదేవిఁ గానో! పర
స్థలమో! బాలకుఁడెంత? యీతని ముఖస్థంబై యజాండంబు ప్ర
జ్వలమై యుండుట కేమి హేతువొ! మహాశ్చర్యంబు చింతింపఁగన్!

మొన్న మా తమ్ముడు అలిపిరి మెట్ల దగ్గర చిరుత అని ఒక వీడియో పెట్టినాడు. గ్రూపులో పడిన రిప్లైలు చూడండి: "కల కంటున్నావా", "ఇది ఏఐ రా", "ఎవరో కావాలని తిప్పతా ఉండారు", "నిజమే, మా ఫ్రెండు చూసినాడు", "నాకేం అర్థం కాలా", "ఇది మన తిరప్తి కాదు, వేరే ఊరు". నేను కూర్చోని పద్యంతో సరిచూసుకున్నా, కల, మాయ, ఇతర సంకల్పం, సత్యం, తలపన్ నేరక, పరస్థలం, వరస కూడా తప్పలేదు! ఐదొందల ఏండ్లకి పైగా అయింది ఆ పద్యం రాసి. (2023 ఆగస్టులో నడకదారిలో చిరుత ఒక చిన్నబిడ్డని ఎత్తుకుపోయిన ఊరు మాది, ఆ తర్వాత నడిచేవోళ్ళ చేతికి కర్రలు ఇచ్చినారు, కాబట్టి ఉత్తుత్తి చిరుతలు తయారు చేసేవోళ్ళు కొంచెం ఆలోచించండి సామీ, ఈడ ఎవరికీ నవ్వు రాదు.)

యశోదమ్మ మాత్రం చూసి ఊరుకోలా, ఎవరికో చూపించేదానికీ పోలా. వరసగా ప్రశ్నలేసింది, అందులో ఒకటి "నేను యశోదనేనా" అని తన మీదే. అయ్యవారు చెప్పిన పాత చోద్యం ఇదే అనిపించింది, మహాశ్చర్యం అనే మాట చివరి పాదం చివర్లో గానీ రాలేదు చూడండి.

రాత్రి జేజికి ఈ పద్యం చదివి, గ్రూపు రిప్లైలు కూడా చదివి, అర్థమంతా విడమర్చి చెప్పినాను, పావుగంట పట్టింది. అంతా ఇనింది. ఇని, "అదంతా సరే గానీ, ఇంతకీ ఆ బిడ్డ మన్ను తినిందా లేదా? ఆయమ్మ నోరు కడిగిందా?" అనింది.

అయ్యవారూ, దీనికి పరిహారం మీరే చెప్పాల.