లిఫ్ట్ ఎంత, టైరు ఎంత, ఇరుసు ఎంతవరకు మోస్తుంది? (ఫోర్ వీల్ డ్రైవ్ బండి మార్పులపై సందేహాలు, సమాధానాలు)

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర ఛాసిస్ మీద బాడీ బిగించిన రకం ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంది. ముందూ వెనుకా గట్టి ఇరుసులే. ముందు కాయిల్ స్ప్రింగులు, ఇరుసును ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టే రెండు రేడియస్ ఆర్ములు, పక్కకు జరగకుండా పట్టే ఒక పాన్‌హార్డ్ రాడ్డు ఉన్నాయి. వెనుక కమాన్ పట్టీలు. ఫోర్ వీల్ డ్రైవ్ అవసరమైనప్పుడు మాత్రమే లివర్‌తో వేసుకోవాలి. కంపెనీ టైర్లు 235/70 ఆర్16, ఇరుసుల గేరు నిష్పత్తి 4.10 (ఇరుసుకు బలం తెచ్చే షాఫ్ట్ 4.10 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది). రాళ్ళ దారిలో డిఫరెన్షియల్ గుండు (ఇరుసు మధ్య గేర్లుండే ఉబ్బెత్తు భాగం) నేలకు తగులుతోంది. లోతైన గాడి దాటేటప్పుడు ఒక చక్రం గాలిలోకి లేచి ఊరికే తిరుగుతూ ఉంటుంది, బండి అక్కడే ఆగిపోతుంది. అందువల్ల 100 మి.మీ. లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు చేసే సామాను) వేయించి 285/75 ఆర్16 మడ్ టెర్రెయిన్ టైర్లకు మారాలని అనుకుంటున్నాను. అయితే బండి ఎక్కువగా తారు రోడ్డు మీదే నడుస్తుంది. లిఫ్ట్ వేస్తే గుండు తగలడం ఆగుతుందా, నా ఇరుసులు ఆ టైర్లను తట్టుకుంటాయా, పనులు ఏ వరుసలో చేయించుకోవాలి అన్నవి నా సందేహాలు. అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

నమస్కారమండీ. మీ మొదటి సందేహానికి సూటిగా జవాబు చెప్పాలంటే, లిఫ్ట్ వల్ల మీ డిఫరెన్షియల్ గుండు ఒక్క మిల్లీమీటరు కూడా పైకి లేవదు. గట్టి ఇరుసు చక్రాలకే బిగించి ఉంటుంది. స్ప్రింగు పొడవు పెంచితే ఇరుసు ఉన్నచోటే ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజను మాత్రమే పైకి వెళతాయి. గుండును పైకి లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ టైరు వ్యాసంలో పెరిగిన దానిలో సగం మేరకే. 235/70 ఆర్16 వ్యాసం సుమారు 735 మి.మీ., 285/75 ఆర్16 వ్యాసం సుమారు 834 మి.మీ. కనుక మీకు గుండు కింద దక్కేది 49 మి.మీ. మాత్రమే. మీరు తలపెట్టిన 100 మి.మీ. లిఫ్ట్ ఆ టైరుకు చోటు కల్పించడానికీ, బండి నడుము రాయికి ఆనకుండా ఉండడానికీ, ఎక్కుడు దిగుడు కోణాలు మెరుగుపడడానికీ పనికివస్తుంది తప్ప గుండుకు ఉపయోగపడదు.

అందుకే నేను ఎవరికైనా ముందు టైరు నిర్ణయించుకోమనీ, ఆ టైరు మడ్‌గార్డుకు తగలకుండా తిరగడానికి ఎంత కావాలో అంతే లిఫ్ట్ వేయించుకోమనీ చెబుతాను. మీ వాడకానికి 245/75 ఆర్16 ఆల్ టెర్రెయిన్ టైరు, 50 మి.మీ. లిఫ్ట్, వెనుక ఇరుసులో ఒక లాకర్ (రెండు చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పేది) సరిపోతాయని నా అభిప్రాయం. ఆ టైరు వ్యాసం సుమారు 774 మి.మీ.; గుండు 19 మి.మీ. పైకి లేస్తుంది. ఇది తక్కువగా కనిపించవచ్చు, కానీ మీరు చెప్పిన రెండవ ఇబ్బంది, అంటే గాలిలో లేచిన చక్రం ఊరికే తిరగడం, ఎత్తుకు సంబంధించినదే కాదు. ఓపెన్ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన టార్కునే పంచుతుంది. గాలిలో ఉన్న చక్రం దాదాపు ఏ టార్కునూ తీసుకోదు కనుక, నేల మీద ఉన్న చక్రానికీ అంతే అందుతుంది. దీనికి మందు లాకర్, లేదా సస్పెన్షన్‌కు ఎక్కువ కదలిక ఇవ్వడం.

100 మి.మీ. లిఫ్ట్ వద్దని నేను అనడానికి ముఖ్యమైన కారణం మీ ముందు ఇరుసు నిర్మాణం. రేడియస్ ఆర్మ్ ఒక కొస ఛాసిస్‌కు, మరొక కొస ఇరుసుకు గట్టిగా బిగించి ఉంటుంది. ఛాసిస్ పైకి వెళితే ఆర్మ్ వాలుతుంది, దానితో పాటు ఇరుసు మొత్తం తిరుగుతుంది, కాస్టర్ కోణం (పక్కనుంచి చూస్తే, స్టీరింగుతో చక్రం తిరిగే కీలు వెనక్కి వాలిన కోణం) తగ్గిపోతుంది. ఆర్మ్ పొడవు 900 మి.మీ. అనుకుంటే, 50 మి.మీ. లిఫ్ట్‌కు సుమారు 3 డిగ్రీలు, 100 మి.మీ.కు 6 డిగ్రీల పైచిలుకు కాస్టర్ పోతుంది. కంపెనీ ఇచ్చిన కాస్టర్ 3 డిగ్రీలే అయిన బండిలో ఇది సున్నా దాటి వెనక్కి పోయినట్లే. అప్పుడు మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను సరికాదు; వేగంగా పోతున్నప్పుడు బండి అటూ ఇటూ తూలుతూ, ప్రతి క్షణమూ చేత్తో సరిదిద్దుకోవలసి వస్తుంది. 50 మి.మీ.కు కాస్టర్ సరిచేసే బుష్‌లు చాలు. 100 మి.మీ.కు ఆర్ములను కిందికి దించే బ్రాకెట్లో, కొత్త ఆర్ములో కావాలి.

పాన్‌హార్డ్ రాడ్డు సంగతి కూడా అటువంటిదే. అది ఒక పక్క ఛాసిస్‌కు, మరో పక్క ఇరుసుకు బిగించి ఉంటుంది కాబట్టి, బండి లేచేకొద్దీ ఇరుసు పక్కకు జరుగుతుంది. పొడవు సరిచేసుకునే వీలున్న రాడ్డు వేస్తే ఇరుసు మధ్యకు వస్తుంది. అయితే ఆ రాడ్డూ, స్టీరింగు బాక్సు నుంచి చక్రాల వైపు వెళ్ళే డ్రాగ్ లింకూ వీలైనంతవరకు సమాంతరంగా ఉండాలన్న నియమాన్ని మాత్రం వదలకూడదు. ఒకదాని వాలు మార్చి రెండవదాన్ని అలాగే వదిలేస్తే, గుంతలో పడినప్పుడల్లా స్టీరింగు దానంతట అదే కొద్దిగా తిరుగుతుంది.

వెనుక కమాన్ పట్టీల వైపు పని సులువే కానీ అక్కడా కొన్ని దగ్గరిదారులు ఉన్నాయి, వాటిని ఒప్పుకోకండి. ఇరుసుకూ పట్టీలకూ మధ్య ఎత్తైన దిమ్మె పెడితే, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇరుసు మెలి తిరగడం పెరుగుతుంది. ముందు ఇరుసు మీద అయితే దిమ్మెలు ఎన్నడూ పెట్టకూడదు. పట్టీ కొసను ఛాసిస్‌కు కలిపే షాకిల్‌ను పొడవాటిది వేస్తే, పెంచిన పొడవులో సగమే ఎత్తు పెరుగుతుంది, పైగా పినియన్ (ఇరుసులోకి బలాన్ని అందించే చిన్న గేరు) కోణం మారిపోతుంది. సరైన వంపు ఉన్న కొత్త పట్టీల కట్టే మంచిది. ఏ పద్ధతిలో లేపినా ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ల పెట్టె నుంచి ఇరుసుకు బలం తెచ్చే షాఫ్ట్) రెండు కొసల్లోని యూనివర్సల్ జాయింట్ల కోణాలు సమానంగా ఉన్నాయో లేదో కొలిపించండి; తేడా ఉంటే పట్టీలకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు పలక పెట్టి సరిచేస్తారు. లేకపోతే ఒక నిర్దిష్ట వేగం దగ్గర బండి అడుగున అదురు మొదలవుతుంది.

రెండవ సమాధానం

పై సభ్యులు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను కానీ, టైరు కంటే ముందు లాకర్ వేయించమని నా సలహా. కంపెనీ టైర్లతోనే వెనుక లాకర్ వేసి, గాలి తగ్గించి నడిపి చూస్తే, పెద్ద టైరు కోరిక సగం మందికి అక్కడే తీరిపోతుంది. రాళ్ళ దారిలో 18 నుంచి 20 పి.ఎస్.ఐ. వరకు తగ్గిస్తే టైరు రాయిని చుట్టుకుని పట్టు ఇస్తుంది, మెత్తటి ఇసుకలో 15 దాకా వెళ్ళవచ్చు. అంతకంటే తగ్గితే పక్కకు వేసిన బరువుకు టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. టైరు అంచును బిగించి పట్టే బీడ్‌లాక్ రిమ్ములు లేనివారు దాని జోలికి పోకూడదు. తారు రోడ్డు ఎక్కేముందు గాలి నింపుకోవడం తప్పనిసరి కాబట్టి, చిన్న కంప్రెసర్ బండిలో ఉంచుకోండి.

మడ్ టెర్రెయిన్ విషయంలోనూ తొందరపడవద్దు. పెద్ద దిమ్మెలు, వాటి మధ్య వెడల్పాటి ఖాళీలు బురదను విసిరేయడానికి చేసినవి. తడి తారు రోడ్డు మీద అవే దిమ్మెలు నేలను తక్కువగా తాకుతాయి, బ్రేకు వేసినప్పుడు ఆ లోటు తెలుస్తుంది. ఇసుకలో అవి తేలడానికి బదులు తవ్వుకుంటూ దిగిపోతాయి.

అడిగినవారి అనుబంధ ప్రశ్న

ఇద్దరికీ ధన్యవాదాలు. 285 ఆలోచన దాదాపు మానుకున్నాను. అయినా తెలుసుకోవాలని అడుగుతున్నాను: రేపెప్పుడైనా ఆ కొలతకే వెళితే ఇరుసులో ముందుగా ఏది దెబ్బతింటుంది, గేరు నిష్పత్తి ఎంతకు మార్చాలి? అలాగే, లిఫ్ట్ వేశాక అంతా సరిగ్గా ఉందని నేను ఎలా తేల్చుకోవాలి?

మొదటి సమాధానమిచ్చినవారి జవాబు

గేరు లెక్క తేలికైనదే. కొత్త టైరు వ్యాసాన్ని పాత వ్యాసంతో భాగించి, వచ్చినదాన్ని పాత నిష్పత్తితో హెచ్చవేయాలి. 834ను 735తో భాగిస్తే 1.134 వస్తుంది, 4.10తో హెచ్చవేస్తే 4.65. దొరికే గేర్లలో 4.56, 4.88 దీనికి దగ్గరివి; బరువైన టైరు, ముందు బంపరు, వించి వంటివి ఉన్నవారు 4.88 వైపు మొగ్గడం మేలు. మార్చకుండా వదిలేస్తే బండికి 3.62 నిష్పత్తి ఉన్నట్లు బరువుగా లాగుతుంది, క్లచ్ తొందరగా అరుగుతుంది, స్పీడోమీటరు 60 చూపుతున్నప్పుడు మీరు నిజానికి 68లో వెళుతుంటారు. ముందు వెనుక ఇరుసులు రెండింటిలోనూ ఒకే నిష్పత్తి ఉండి తీరాలి. మీ పద్ధతి ఫోర్ వీల్ డ్రైవ్‌లో మధ్యన డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి, ఒకదాన్ని మార్చి రెండవదాన్ని వదిలితే లివర్ వేసిన వెంటనే గేర్లు ఒకదానితో ఒకటి పెనుగులాడుతాయి. నాలుగు టైర్లూ, స్టెప్నీతో సహా, ఒకే కొలతలో ఉండాలనడానికీ కారణం ఇదే.

ఏది ముందు విరుగుతుందన్నది మీ ఇరుసు రకాన్ని బట్టి ఉంటుంది. టైరు నేలను పట్టుకున్నప్పుడు యాక్సిల్ షాఫ్ట్ మీద పడే మెలి, ఆ పట్టును టైరు వ్యాసార్ధంతో హెచ్చవేసినంత ఉంటుంది. అంటే టైరు 13 శాతం పెరిగితే అదే రాయి మీద షాఫ్ట్ కూడా 13 శాతం ఎక్కువ మెలిని ఓర్చుకోవాలి. దానికి లాకర్ తోడైతే, ఒక చక్రం గాలిలో ఉన్నప్పుడు ఇరుసుకు వచ్చిన బలమంతా రెండవ షాఫ్ట్ మీదే పడుతుంది. ఇంకొక చిక్కు ఏమిటంటే, క్రౌన్ వీల్ (పినియన్ తిప్పే పెద్ద గేరు) పరిమాణం మారకుండా నిష్పత్తి సంఖ్య పెరగాలంటే పినియన్ చిన్నది కావాలి, చిన్న పినియన్ అంత బలంగా ఉండదు.

మీ వెనుక ఇరుసు సెమీ ఫ్లోటింగ్ రకమా, ఫుల్ ఫ్లోటింగ్ రకమా అన్నది చక్రం మధ్యలో చూస్తే తెలుస్తుంది. హబ్ చక్రం ముందుకు పొడుచుకు వచ్చి, దాని కొసన వృత్తాకారంలో చిన్న బోల్టులతో షాఫ్ట్ మూత బిగించి ఉంటే అది ఫుల్ ఫ్లోటింగ్. ఇందులో బండి బరువును హబ్ బేరింగులు మోస్తాయి, షాఫ్ట్ పని తిప్పడం వరకే. విరిగినా చక్రం స్థానంలోనే ఉంటుంది, విరిగిన ముక్కను బయటకు లాగి ముందు ఇరుసు బలంతో ఇల్లు చేరవచ్చు. సెమీ ఫ్లోటింగ్‌లో బరువూ మెలీ రెండూ షాఫ్ట్ మీదే పడతాయి. అందులోనూ లోపల సీ క్లిప్పుతో నిలిపిన రకమైతే, షాఫ్ట్ విరిగినప్పుడు చక్రంతో సహా బయటకు వచ్చేయవచ్చు. ఆ రకం ఇరుసుకు పెద్ద టైరు, లాకర్, గేరు మార్పు మూడూ కలిపి వేయించడానికి నేను సలహా ఇవ్వను. ముందు ఇరుసులో మాత్రం బలహీనమైన చోటు చక్రం పక్కకు తిరిగే మడత (స్టీరింగు నకిల్) దగ్గరి షాఫ్ట్ జాయింటే. స్టీరింగు ఒక కొసదాకా తిప్పి, చక్రం రాతి చీలికలో ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే అది పగులుతుంది. మరింత గట్టి ఉక్కుతో చేసిన క్రోమోలీ షాఫ్టులు వేయించినా ఈ అలవాటు మానుకోవలసిందే.

ఇక పరీక్ష విషయం. పని పూర్తయ్యాక బండిని స్టాండ్ల మీద ఛాసిస్ దగ్గర నిలిపి, ముందు కాయిల్ స్ప్రింగులు తీసివేసి, ఇరుసు కింద జాకీ పెట్టి, ఒక పక్క పూర్తిగా పైకి, మరొక పక్క పూర్తిగా కిందికి వచ్చేలా కదిలించి చూడమనండి. స్ప్రింగు లేనందున ఇరుసు చివరిదాకా సులువుగా పోతుంది. ఆ స్థితిలో స్టీరింగును రెండు కొసలకూ తిప్పి నాలుగు సంగతులు గమనించాలి: టైరు మడ్‌గార్డుకు గాని రేడియస్ ఆర్ముకు గాని రాసుకుంటోందా, పైకి వచ్చినప్పుడు షాక్ అబ్జార్బర్ మూసుకుపోవడానికి ముందే రబ్బరు బంప్ స్టాప్ ఆపుతోందా, కిందికి జారినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకుంటోందా, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటు పట్టేస్తోందా. వీటిలో బ్రేకు గొట్టం విషయంలో సర్దుకుపోవడం అన్నదే ఉండకూడదు; పొడవు చాలకపోతే కొత్తది వేయించాలి, వైరుతో కట్టి లాగి సరిపెట్టడం కాదు.

చాలామంది మెకానిక్‌లు మరిచిపోయేది ఒకటుంది. వెనుక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య సన్నని కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు మీ బండిలో ఉండవచ్చు. వెనుక బరువు పెరిగి ఛాసిస్ కిందికి దిగితే, అది వెనుక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. లిఫ్ట్ వేశాక ఛాసిస్ ఎప్పుడూ పైనే ఉంటుంది కాబట్టి, సామాను నింపినా బండి ఖాళీగా ఉందనే ఆ వాల్వు అనుకుని వెనుక బ్రేకును తగ్గించేస్తుంది. కడ్డీ బ్రాకెట్టును లిఫ్ట్ అయినంత మేర జరిపితే సమస్య తీరుతుంది.

బిగింపుల్లో కూడా ఒక పద్ధతి ఉంది. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి చక్రాల మీద నిలబడి, అసలు బరువు పడిన స్థితిలోనే చివరి బిగింపు బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగిన క్షణం నుంచి రబ్బరు మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. కమాన్ పట్టీల యూ బోల్టులు ఒకసారి సాగినవి మళ్ళీ వాడకూడదు, కొత్తవే వేయించండి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక అన్నీ మరోసారి టార్క్ రెంచితో చూపించాలి.

ముందు చక్రాలు ఒక వేగం దగ్గర విపరీతంగా కొట్టుకోవడం మొదలైతే, స్టీరింగు డాంపర్ మార్చి సరిపెట్టకండి. అది రోగాన్ని కప్పిపుచ్చుతుందే కానీ నయం చేయదు. పాన్‌హార్డ్ రాడ్డు కొసలు, టై రాడ్ ఎండ్లు, కింగ్‌పిన్ బేరింగులు వదులయ్యాయేమో ఒకరు స్టీరింగు తిప్పుతుండగా మరొకరు కింద చేయి పెట్టి చూడాలి, చక్రాల బ్యాలెన్సు, కాస్టర్ కొలిపించాలి.

రెండవ సమాధానమిచ్చినవారి చేర్పు

ఒక చిన్న మాట. కొత్త టైర్లకు చోటు కోసం రిమ్ములను బయటకు జరిపే స్పేసర్లు, లేదా ఆఫ్‌సెట్ తక్కువ ఉన్న రిమ్ములు చూపించి ఒప్పించేవారు ఉంటారు. అవి చక్రాన్ని స్టీరింగు తిరిగే బిందువుకు దూరం చేస్తాయి కాబట్టి, రాయి తగిలినప్పుడల్లా స్టీరింగు చేతిలో ఎదురు తిరుగుతుంది, హబ్ బేరింగులు తొందరగా అరుగుతాయి. వీలైతే కంపెనీ ఆఫ్‌సెట్టుకు దగ్గరగా ఉన్నవే వాడండి. ఇరుసు లోపలికీ బయటికీ గాలి ఆడనిచ్చే బ్రీదర్ గొట్టాలను కూడా ఇదే సందర్భంలో పైకి పొడిగించుకుంటే వాగు దాటేటప్పుడు ఇరుసు నూనెలో నీళ్ళు కలవవు. మీ ప్రాంతపు రవాణా నిబంధనలు, బీమా షరతులు ఎంత మార్పును ఒప్పుకుంటాయో పని మొదలుపెట్టేముందే కనుక్కోండి, హెడ్‌లైట్ల దిశను మాత్రం చివరి బిగింపు అయ్యాక కిందికి సరిచేయించండి.